రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మందులు: నంబరు అదుపులో ఉంచుకోవడం, తప్పితే సరిదిద్దుకోవడం

వాల్వు మార్చినవాళ్లకీ, కాలి సిరలో గడ్డ కట్టినవాళ్లకీ, గుండె లయ తప్పినవాళ్లకీ డాక్టర్లు రాసే మాత్రని మన ఇళ్లల్లో 'రక్తం పలచబడే బిళ్ల' అంటారు. ఆ పేరు వల్ల రెండు తప్పులు జరుగుతున్నాయి. రక్తం నీళ్లలా అయిపోతుందని భయపడి కొందరు మాత్ర మానేస్తారు. ఇంకొందరు నీరసంగా అనిపించిన రోజున 'మరీ పలచబడిందేమో' అని సగమే వేసుకుంటారు. నిజానికి ఈ మందులకీ రక్తం చిక్కదనానికీ సంబంధం లేదు. గడ్డ కట్టడానికి పట్టే సమయాన్ని పెంచుతాయి, అంతే. ఆ సమయాన్ని కొలవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు. కొన్ని మందులకి ఆ కొలత ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష. కింద 'నంబరు' అన్నప్పుడల్లా దాని ఫలితమే, అది ఎంత ఎక్కువైతే రక్తం అంత ఆలస్యంగా గడ్డకడుతుంది. ప్రాణం మీదికి వస్తే చాలా మందులకి విరుగుడు కూడా ఉంది. మోతాదు నిర్ణయం మీ డాక్టరుదే. ఆ నిర్ణయం ఇంట్లో సరిగ్గా అమలు కావడానికి కావలసినవి ఇక్కడ రాస్తున్నాం.

మీది ఏ మందో ముందు తేల్చుకోండి

ధమనుల్లో రక్తం జోరుగా పారుతుంది. అక్కడ కొవ్వు పేరుకున్న గోడ పగిలితే ముందుగా ప్లేట్‌లెట్లు అనే రక్తకణాలు వచ్చి అతుక్కుంటాయి. గుండెపోటు చాలావరకు ఇలాగే వస్తుంది. అందుకే స్టెంట్ వేసినవాళ్లకి ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేసే ఆస్పిరిన్ (ఎకోస్ప్రిన్ 75), క్లోపిడోగ్రెల్ 75, టికాగ్రెలార్ 90 లాంటివి ఇస్తారు.

సిరల్లో, లయ తప్పి వణుకుతున్న గుండె పై గదిలో రక్తం నిదానిస్తుంది. నిలిచిన చోట ఫైబ్రిన్ అనే దారాలు వలలా అల్లుకుని గడ్డ తయారవుతుంది. లోహపు వాల్వు మీద కూడా, అది శరీరానికి పరాయి వస్తువు కాబట్టి, ఈ అల్లిక మొదలవుతుంది. దీన్ని ఆపేవి ఎసిట్రోమ్ (ఎసినోకౌమరాల్), వార్ఫరిన్, హెపారిన్ సూదులు, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్. ఇవి కొత్త గడ్డని ఆపుతాయి, ఉన్న గడ్డని పెరగనివ్వవు. ఉన్నదాన్ని కరిగించే పని మాత్రం మన ఒళ్లే మెల్లగా చేసుకుంటుంది. గడ్డని నేరుగా కరిగించే మందులు వేరే ఉన్నాయి. వాటిని ఆసుపత్రిలోనే ఇస్తారు.

ఒకే ఇంట్లో నాన్నగారికి ఎకోస్ప్రిన్, అమ్మకి ఎసిట్రోమ్ ఉండడం మామూలే. 'రెండూ పలచబడేవేగా' అని ఒకటి అయిపోయిన రోజున రెండోది వేయకండి. లోహపు వాల్వుని ఆస్పిరిన్ ఒక్కటే కాపాడలేదు.

ఎసిట్రోమ్, వార్ఫరిన్: వీటికే ఎక్కువ శ్రద్ధ కావాలి

మన దగ్గర చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల మిట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) పాడై ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. లోహపు వాల్వు ఉన్నవాళ్లకి ఈ రెండు మాత్రల్లో ఒకటి జీవితాంతం తప్పదు. కొత్త మాత్రలు వాళ్లకి పనికిరావు. లోహపు వాల్వు ఉన్నవాళ్లలో డాబిగాట్రాన్‌ని పరీక్షించి చూస్తే గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువయ్యాయి, 2012లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. కీళ్లజ్వరం వల్ల వాల్వు సన్నబడి, లయ కూడా తప్పినవాళ్లలో రివరాక్సబాన్ కంటే పాత మాత్రలే మెరుగని 2022లో తేలింది. 'పరీక్షలక్కర్లేని కొత్త మందు వచ్చిందట, మార్చెయ్యండి' అని అడిగే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

కాలేయం విటమిన్ కె సాయంతో గడ్డకట్టే పదార్థాలు నాలుగు తయారుచేస్తుంది: 2, 7, 9, 10 నంబరు ఫ్యాక్టర్లు. వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చేలా మారకుండా ఈ మాత్రలు అడ్డుకుంటాయి. కొత్త ఫ్యాక్టర్ల తయారీ తగ్గుతుంది, కానీ రక్తంలో అప్పటికే ఉన్నవి అరిగిపోయేదాకా ఆగాలి. 7వ ఫ్యాక్టర్ సుమారు 6 గంటల్లో సగానికి పడిపోతుంది. అసలైన 2వ ఫ్యాక్టర్ సగం కావడానికి రెండున్నర రోజులు పడుతుంది. కాబట్టి రెండో రోజో మూడో రోజో పరీక్షలో నంబరు పెరిగినట్టు కనిపించినా రక్షణ ఇంకా రాలేదని అర్థం. పైగా గడ్డని సహజంగా అదుపు చేసే ప్రోటీన్ సి కూడా మొదట్లోనే తగ్గుతుంది గనుక మొదటి నాలుగు రోజులూ గడ్డకట్టే ముప్పు ఎక్కువ. కాలి సిరలో గడ్డ ఉన్నవాళ్లకి మాత్రతో పాటు హెపారిన్ సూది కనీసం 5 రోజులు, నంబరు 2 దాటి ఒక రోజు నిలిచేదాకా ఇచ్చేది అందుకే. సూది ఖరీదని రెండో రోజే ఆపించుకుని ఇంటికి వెళ్లిపోవడం చాలా ప్రమాదం.

'ఇది ఎలుకల మందట కదా' అని అడిగేవాళ్లకి: నిజమే. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి కారణమైన పదార్థాన్ని వేరుచేసింది. దాని చుట్టం వార్ఫరిన్‌ని 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1950ల్లో మనుషులకి వాడడం మొదలైంది. అప్పట్లో ఎలుకకి పెట్టిన వార్ఫరినూ మనిషికి ఇచ్చేదీ ఒకటే పదార్థం, తేడా అంతా మోతాదులో ఉంది. మోతాదుని కొలిచే పరీక్ష అంత ముఖ్యం కావడానికి ఇదే కారణం.

మాత్ర వేసుకునే పద్ధతి

రోజూ ఒకే వేళకి, సాయంత్రం 6 నుంచి 8 మధ్య పెట్టుకోండి. పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరు మోతాదు మారిస్తే ఆ రాత్రి నుంచే అమలు చేయవచ్చు. ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది, వార్ఫరిన్ 1, 2, 3, 5 లో. అందుకని 'ఒకటిన్నర మాత్ర' అని ఎప్పుడూ చెప్పకండి, రాయకండి. షాపులో 1 బదులు 2 ఇస్తే అదే ఒకటిన్నర మాత్ర రెట్టింపు మోతాదు అవుతుంది. '1.5 మిల్లీగ్రాములు' అనే చెప్పండి. కొత్త స్ట్రిప్ తెచ్చిన ప్రతిసారీ షాపు కౌంటర్ దగ్గరే దాని మీద అంకె చదవండి.

సగం చేయాల్సి వస్తే కత్తెరతోనో గోటితోనో విరవకండి. మందుల షాపులో మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. గీత మధ్యకి వచ్చేలా పెట్టి మూత నొక్కితే సమంగా తెగుతుంది. ఒక సగం ఈ రోజు, రెండో సగం రేపు వేసుకుంటే చిన్నాపెద్దా తేడా సర్దుకుపోతుంది. సగాలు చేసి నెలకి సరిపడా కాగితంలో పొట్లం కట్టకండి. చెమ్మకి పొడైపోతాయి, ఏది ఎన్ని మిల్లీగ్రాములో కూడా మర్చిపోతారు.

మర్చిపోయిన మాత్ర అదే రోజు అర్ధరాత్రి లోపు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే దాన్ని వదిలేసి ఆ రోజు మాత్ర ఒక్కటే వేసుకోండి. రెండూ కలిపి వేసుకోకూడదు. క్యాలెండర్‌లో ఆ తేదీ మీద సున్నా చుట్టండి. నంబరు తక్కువ వచ్చినప్పుడు ఆ సున్నా కనిపిస్తే డాక్టరు మోతాదు పెంచకుండా ఆగుతారు. కనిపించకపోతే పెంచుతారు, రెండు వారాల్లో నంబరు ఎక్కడికో వెళ్తుంది. ఎసిట్రోమ్ వాడేవాళ్లు దీని మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వార్ఫరిన్ ఒంట్లో సగం కావడానికి ఒకటిన్నర రోజు పైనే పడుతుంది, ఎసిట్రోమ్‌కి 8 నుంచి 11 గంటలే. ఒక్క రోజు మానినా నంబరు దిగుతుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకి ఒక మాట. ఎసిట్రోమ్ అక్కడ దొరకదు. ఉండే నెలలకి సరిపడా, ఇంకో రెండు వారాలవి అదనంగా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పట్టుకెళ్లండి. లేకపోతే బయల్దేరడానికి నెల ముందే వార్ఫరిన్‌కి మార్పించుకోండి. మిల్లీగ్రాముల్లో వార్ఫరిన్ మోతాదు ఎసిట్రోమ్‌కి సుమారు రెట్టింపు ఉంటుంది. అది మొదలుపెట్టే అంకె మాత్రమే, తర్వాత పరీక్షలతోనే సర్దాలి. అక్కడ మాత్రలు అయిపోయాక ఫోన్‌లో అడిగి అదే అంకెతో వార్ఫరిన్ వేసుకుంటే సగం మోతాదే అందుతుంది.

ఐఎన్‌ఆర్ పరీక్ష

మందు లేనివాళ్లకి ఐఎన్‌ఆర్ 1 దగ్గర ఉంటుంది. లయ తప్పినవాళ్లకీ, సిరలో గడ్డ ఉన్నవాళ్లకీ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. లోహపు మిట్రల్ వాల్వుకి 2.5 నుంచి 3.5. అయోర్టిక్ స్థానంలో (గుండెలోంచి పెద్ద ధమని మొదలయ్యే చోట) ఇప్పటి రెండు రెక్కల వాల్వయితే, ఇతర ముప్పులు లేకపోతే, 2 నుంచి 3 చాలు. మీ లక్ష్యం ఏదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. లేకపోతే అడిగి రాయించుకోండి. ఊరి డాక్టరు మామూలు మనిషి లక్ష్యం ఊహించుకుని వాల్వు మనిషికి మోతాదు తగ్గించడం అది రాసి లేకపోవడం వల్లే జరుగుతుంది.

ఈ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. చూడాల్సింది ట్యూబు. లేత నీలం మూత ఉన్న ట్యూబులో సోడియం సిట్రేట్ ద్రావణం ముందే పోసి ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల రక్తం పడాలి, అంటే ట్యూబు మీద గీత దాకా. గీతకి బాగా కిందే ఆపేస్తే సిట్రేట్ పాలు ఎక్కువై, రక్తం నిదానంగా గడ్డకట్టినట్టు కనిపించి, నంబరు అబద్ధంగా పెరుగుతుంది. నరం దొరక్క సగం రక్తంతో సరిపెట్టిన రోజు 'ఇంకోసారి తీయండి' అని అడగడానికి మొహమాటపడకండి. తీసిన ట్యూబుని నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గట్టిగా ఊపకూడదు. వీలైనంతవరకు ఒకే ల్యాబుకి వెళ్లండి. నంబరు ఎప్పుడూ లేనట్టు వస్తే మోతాదు మార్చే ముందు మరోసారి చేయించడం మంచిది.

మోతాదు మార్చేటప్పుడు రోజు లెక్క కాదు, వారం లెక్క చూస్తారు. లక్ష్యం 2 నుంచి 3, రోజుకి ఎసిట్రోమ్ 2 మిల్లీగ్రాములు, నంబరు 1.6 వచ్చిందనుకుందాం. వారానికి 14 మిల్లీగ్రాములు. మాత్రేదీ మర్చిపోలేదు, కొత్త మందు కలవలేదు అని తేలాక వారం మోతాదుని 5 నుంచి 20 శాతం మారుస్తారు. ఆది, బుధవారాల్లో 3, మిగతా ఐదు రోజులు 2 వేస్తే వారానికి 16, అంటే 14 శాతం పెరిగింది. అదే రోజూ 2 ని 3 చేసేస్తే ఒక్కసారిగా 50 శాతం పెరిగినట్టు. నంబరు ఊయలలా ఊగుతోందని వచ్చేవాళ్ల కాగితాలు చూస్తే ఈ 2, 3, 2, 3 మార్పులే ఎక్కువగా కనిపిస్తాయి. లక్ష్యానికి అర పాయింటు లోపు ఒక్కసారి అటూ ఇటూ అయితే అసలు మార్చకుండా ఒకటి రెండు వారాల్లో మళ్లీ చూడడమే ఎక్కువసార్లు సరైన పని. లోహపు వాల్వు నంబరు 2 కంటే తగ్గితే మాత్రం అదే రోజు డాక్టరుకి చెప్పండి. నిలకడగా ఉన్నవాళ్లకి నెలకోసారి పరీక్ష చాలు.

తిండి, దీక్షలు, జ్వరాలు

'ఆకుకూరలు మానేయండి' అని చాలామందికి చెప్పి పంపుతారు. మానేయాల్సిన పని లేదు. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది, క్యాబేజీలో ఒక మోస్తరుగా. బీరకాయ, వంకాయ, బంగాళాదుంప, అన్నం, పప్పుల గురించి ఆలోచించక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఆకుకూర పప్పు తినే అలవాటుంటే అలాగే తినండి, మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. చిక్కు ఎక్కడంటే మార్పులో. పెరట్లో మునగ చిగురేసిందని రోజూ కూర, పొడి, పచ్చడి చేస్తే నంబరు పడిపోతుంది. ఆకుకూర పూర్తిగా మానేసినవాళ్లకి ఒంట్లో నిల్వ ఉండదు కాబట్టి ఒక్కరోజు తిన్నా నంబరు కదులుతుంది.

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒంటిపూట భోజనం చేసేవాళ్లూ, కార్తీకమాసంలో ఉపవాసాలుండేవాళ్లూ, రంజాన్ ఉపవాసాలవాళ్లూ మొదలుపెట్టిన వారం పది రోజులకి ఒకసారి ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి, ముగిశాక ఒకసారి. తిండి తగ్గితే నంబరు సాధారణంగా పెరుగుతుంది. విరేచనాలు, వాంతులు, నాలుగు రోజుల జ్వరం కూడా ఇదే పని చేస్తాయి. మద్యం ఒక్కసారిగా ఎక్కువ తాగితే పెరుగుతుంది, రోజూ తాగేవాళ్లలో కొన్నాళ్లకి తగ్గవచ్చు. దాని చుట్టూ మోతాదు కుదరదు.

తిండి కంటే పెద్ద సమస్య ఇతర మందులు. విరేచనాలకి వేసే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకి ఇచ్చే కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, తామరకి వేసే ఫ్లుకోనజోల్, లయ తప్పినవాళ్లకి ఇచ్చే అమియోడరోన్ నంబరుని పెంచుతాయి. నోటి పూతకి చిగుళ్ల మీద రాసే మైకోనజోల్ జెల్ కూడా గట్టిగా పెంచుతుంది. పైపూత మందేగా అని ఎవరూ అనుమానించరు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ నంబరుని దించుతాయి. రిఫాంపిసిన్ మొదలైతే మాత్ర మోతాదు రెట్టింపో మూడింతలో చేయాల్సి రావచ్చు. టీబీ కోర్సు అయిపోయి దాన్ని ఆపాక ఆ పెంచిన మోతాదు అలాగే వదిలేస్తే రెండు మూడు వారాల్లో రక్తస్రావమవుతుంది. ఏ కొత్త మందు మొదలైనా, ఆగినా 3 నుంచి 5 రోజుల్లో ఐఎన్‌ఆర్ చూడాలి.

ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. ఇవి కడుపులో పుండు చేసి అక్కడి నుంచి రక్తం పోయేలా చేస్తాయి, నంబరు సరిగ్గా ఉన్నా సరే. పారాసెటమాల్ 500 రోజుకి మూడుసార్లు దాకా ఫర్వాలేదు. రోజుకి 2 గ్రాముల పైన వారం పాటు వాడితే అదీ నంబరుని పెంచుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకి సూది వేయించుకునే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. ఈ మాత్రలు వాడేవాళ్లకి కండలో సూది పొడిస్తే లోపల రక్తం చేరి తొడ దాకా నల్లగా కమిలి, కొందరికి ఆపరేషన్ దాకా వస్తుంది. సూది పట్టుకున్న మనిషికి ముందే 'ఎసిట్రోమ్ వాడుతున్నాను' అని చెప్పండి. వెల్లుల్లి గుళికలు, పసుపు గుళికలు, కీళ్లనొప్పుల పొడులు కూడా డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి. కూరలో వేసే పసుపూ వెల్లుల్లీ వేరు, వాటితో బెంగ లేదు.

పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు ఈ మాత్రల మీద ఉంటే గర్భం రాకముందే గుండె డాక్టరునీ గైనకాలజిస్టునీ కలవాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఈ మందు బిడ్డ ముక్కునీ ఎముకలనీ దెబ్బతీయగలదు. ఆ వారాల్లో హెపారిన్ సూదులకి మారడమా, తక్కువ మోతాదు మాత్రతోనే సాగడమా అన్నది వాల్వుని బట్టీ మోతాదుని బట్టీ తేలుస్తారు. నెల తప్పిందని భయపడి సొంతంగా మాత్ర ఆపేస్తే వాల్వు మూసుకుపోయి తల్లి ప్రాణానికే ముప్పు. ప్రసవమయ్యాక మాత్ర వేసుకుంటూ పాలివ్వచ్చు.

కొత్త మాత్రలు

వాల్వు సమస్య లేకుండా లయ తప్పినవాళ్లకీ, సిరలో గడ్డ కట్టినవాళ్లకీ ఇవి మంచి వసతి. ఐఎన్‌ఆర్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు. కానీ కిడ్నీ పరీక్ష ఏడాదికి ఒకసారైనా తప్పదు, ఎందుకంటే ఇవి కొంతో గొప్పో కిడ్నీల ద్వారానే పోతాయి. కాలి గడ్డకి రివరాక్సబాన్ మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, తర్వాత 20 ఒక పూట. అపిక్సబాన్ మొదటి 7 రోజులు 10 రెండు పూటలా, తర్వాత 5 రెండు పూటలా. మొదటి చీటీ ప్రకారమే నెలల తరబడి వేసుకోవడం, లేక రెండో మోతాదుతోనే మొదలుపెట్టడం, రెండూ జరుగుతుంటాయి. మారే తేదీని పెట్టె మీద పెన్నుతో రాసుకోండి.

రివరాక్సబాన్ 15, 20 కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో 20 వేస్తే మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది. ఒంటిపూట ఉండేవాళ్లు ఆ భోజనంతోనే వేసుకోవాలి. డాబిగాట్రాన్ గొట్టాన్ని (క్యాప్సూల్‌ని) విప్పి పొడి నీళ్లలో కలపకూడదు, మందు అవసరానికి మించి ఒంట్లోకి చేరుతుంది. గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉంటే గుండెమంట తగ్గుతుంది. దాన్ని వేరే డబ్బాలోకి మార్చవద్దు, చెమ్మకి పాడవుతుంది. ఈ మాత్రలన్నీ ఒంట్లో సగం రోజు మాత్రమే గట్టిగా ఉంటాయి. రెండు రోజులు మానితే ఏ రక్షణా లేనట్టే.

ఇంట్లో ఎనాక్సపారిన్ సూది

ఇది హెపారిన్‌లో ఒక రకం. గర్భిణులకీ, ఆపరేషన్ ముందూ వెనకా ఇచ్చేది ఇదే. నివారణకి మామూలుగా రోజుకి 40 మిల్లీగ్రాములు, చికిత్సకి కిలో బరువుకి 1 మిల్లీగ్రాము చొప్పున 12 గంటలకోసారి. 60 కిలోల మనిషికి 60, పొద్దున 9కి, రాత్రి 9కి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి రోజుకి ఒక్కసారే.

మనిషిని వెనక్కి వాలి కూర్చోమనండి. బొడ్డుకి మూడు వేళ్ల దూరం వదిలి, ఒక పూట కుడి పక్క, ఒక పూట ఎడమ పక్క. స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. నింపి వచ్చిన సిరంజిలో గాలి బుడగ కనిపిస్తుంది, మొత్తం మోతాదు ఇచ్చేటప్పుడు దాన్ని బయటికి తోయకండి, మందు కూడా పోతుంది. చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య మడతగా పట్టి, సూదిని నిటారుగా పూర్తిగా దించి, మెల్లగా నొక్కండి. మందు అయ్యాక సూది తీసి, అప్పుడే మడత వదలండి. తర్వాత రుద్దకండి, రుద్దితే కమిలిపోతుంది. చిన్న నీలి మచ్చ మామూలే. సూదులు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే అది హెపారిన్ వల్ల వచ్చే విపరీతం. అందులో రక్తం కారడం కంటే గడ్డలు కట్టడమే ఎక్కువ, సూది వెంటనే ఆపి మందు మార్చాలి. ఆ రోజుల్లో రక్తపరీక్ష రాస్తే తప్పక చేయించండి.

గడ్డ కట్టేసినప్పుడు

లోహపు వాల్వు ఉన్న ఇంట్లో రాత్రి నిశ్శబ్దంలో పక్కవాళ్లకి కూడా టిక్ టిక్ చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు మూగబోయి, ఆయాసం మొదలైతే వాల్వు మీద గడ్డ చేరిందేమో అని అనుమానించి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లాలి. తెల్లవారేదాకా చూడకండి.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే 108కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ 300 నమిలి మింగమంటారు. ఎకోస్ప్రిన్ మీద పూత ఉంటుంది, నమిలితేనే త్వరగా పనిచేస్తుంది. మీరు ఎసిట్రోమ్ మీద ఉంటే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పి, వాళ్లు వేసుకోమంటేనే వేసుకోండి. ఆసుపత్రిలో బెలూన్ వేసే సౌకర్యం దగ్గర్లో లేకపోతే గడ్డని కరిగించే మందు, స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటలోపు ఎక్కిస్తారు, లేదా బరువుని బట్టి టెనెక్టిప్లేజ్ 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఒక్క సూదిగా ఇస్తారు. నొప్పి మొదలైన 12 గంటల లోపే ఇది, ఎంత ముందైతే అంత గుండె కండ మిగులుతుంది. స్ట్రెప్టోకైనేజ్ ఎక్కేటప్పుడు బీపీ పడిపోవడం, దద్దుర్లు రావడం ఉంటాయి. ఒకసారి తీసుకున్నవాళ్లకి ఒంట్లో దానికి విరోధి పదార్థాలు తయారవుతాయి కాబట్టి రెండోసారి దాన్ని ఇవ్వరు. ఆ కాగితం దాచుకోండి.

మూతి వంకర, మాట తడబాటు, చేయి పడిపోవడం అయితే ఆస్పిరిన్ వేయకండి. అది గడ్డో రక్తస్రావమో సీటీ స్కాన్ తీస్తే తప్ప తెలియదు. గడ్డ అయితే నాలుగున్నర గంటల లోపు కరిగించే మందు ఇవ్వవచ్చు. అందుకే మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం గడియారం చూసి చెప్పగలగాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ల ఐఎన్‌ఆర్ 1.7 దాటితే ఆ మందు ఇవ్వరు, గడ్డని తీగతో లాగే దారి చూస్తారు. తాజా ఐఎన్‌ఆర్ కాగితం వెంట తీసుకెళ్లండి.

రక్తం ఆగకపోతే, నంబరు పేలిపోతే

ముక్కులోంచి కారితే ముందుకి వంగి కూర్చుని, ముక్కు మెత్తటి భాగాన్ని 15 నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యలో తీసి చూస్తే మళ్లీ మొదలు. తల వెనక్కి వాల్చవద్దు. తారులా నల్లగా విరేచనం, ఎర్రటి మూత్రం, తగలకుండానే పెద్ద కమిలిన మచ్చలు, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ పూట మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ మాత్రల వల్లా విరేచనం నల్లబడుతుంది, కానీ జిగురుగా, దుర్వాసనగా ఉండదు. బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే మనిషి మామూలుగా మాట్లాడుతున్నా స్కాన్ తప్పనిసరి.

రక్తస్రావం లేకుండా నంబరు 4.5 నుంచి 10 మధ్య వస్తే ఒకటి రెండు మోతాదులు ఆపి మళ్లీ పరీక్షిస్తారు, విటమిన్ కె అన్నివేళలా అక్కర్లేదు. 10 దాటితే నోటి ద్వారా 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు ఇస్తారు. ప్రాణాపాయ రక్తస్రావమైతే 5 నుంచి 10 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంటలో నిదానంగా నరంలోకి. ఒక్కసారిగా తోస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మందు కె1, అంటే ఫైటోమెనడయోన్ అయి ఉండాలి. కె3, మెనడయోన్ ఈ పనికి రాదు. లోహపు వాల్వు మనిషికి చిన్న కారణానికి 10 మిల్లీగ్రాములు ఇచ్చేస్తే వారానికి పైగా ఎసిట్రోమ్ పనిచేయనని మొరాయిస్తుంది, ఆ రోజులన్నీ హెపారిన్ మీద నడపాలి.

విటమిన్ కె ఇచ్చినా కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేయాలి కదా, మార్పు మొదలవడానికి 4 నుంచి 6 గంటలు, పూర్తి కావడానికి దాదాపు ఒక రోజు. ఈ లోపు ఫ్యాక్టర్లనే నేరుగా ఎక్కించాలి. ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ (ఆ ఫ్యాక్టర్లనే చిక్కగా చేసిన మందు) అయితే కిలోకి 25 నుంచి 50 యూనిట్లు, కొద్ది మందు, కొద్ది నిమిషాలు. అది లేని చోట మంచులా చల్లబరిచి నిల్వచేసిన ప్లాస్మా (దాత రక్తంలోని ద్రవభాగం) కిలోకి 15 మిల్లీలీటర్లు, 60 కిలోల మనిషికి 900 మిల్లీలీటర్లు. దాన్ని కరిగించడానికే అరగంట పడుతుంది, బలహీనమైన గుండె ఆ నీటి బరువు మోయలేక ఆయాసం వస్తుంది.

హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్: ఈ రెండు మూడు గంటల్లో వెళ్లిన ప్రతి 100 యూనిట్లకి 1 మిల్లీగ్రాము, ఒక్కసారికి 50 మించకుండా, నెమ్మదిగా. ఎనాక్సపారిన్‌ని అది సగానికి కాస్త పైగా మాత్రమే విరవగలదు. డాబిగాట్రాన్‌కి ఇడరుసిజుమాబ్ 5 గ్రాములు నిమిషాల్లో పనిచేస్తుంది. రివరాక్సబాన్, అపిక్సబాన్‌లకి మన దగ్గర ప్రోథ్రాంబిన్ కాంప్లెక్సే వాడతారు. చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారన్నది ఇక్కడ చాలా ముఖ్యం, రెండు మూడు గంటల లోపైతే ఆసుపత్రిలో మందు బొగ్గుపొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) తాగించి కడుపులోనే ఆపవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లకి విరుగుడు లేదు. ప్లేట్‌లెట్ బతికేది 7 నుంచి 10 రోజులు, కొత్తవి పుట్టేదాకా ఆ ప్రభావం పోదు. కరిగించే మందు తర్వాత రక్తం కారితే దాన్ని ఆపి, క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మాలోంచి తీసిన, ఫైబ్రిన్ తయారయ్యే పదార్థం), ట్రనెక్సామిక్ యాసిడ్ (గడ్డ కరగకుండా ఆపే మందు) ఇస్తారు.

కొన్ని పాము కాట్లలోనూ రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది కాబట్టి ఆ మాట కూడా ఇక్కడ చెప్పాలి. రక్తపింజరి విషం 10వ, 5వ ఫ్యాక్టర్లని ఒక్కసారిగా రెచ్చగొట్టి మొత్తం ఖర్చు చేయించేస్తుంది, ఇక గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. శుభ్రమైన గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే నీళ్లలా జారిపోతుంది. దీనికి విటమిన్ కె పనికిరాదు, పాము విషం విరుగుడు సూదే కావాలి.

పన్ను తీయించుకోవడం, ఆపరేషన్లు, మళ్లీ మొదలుపెట్టడం

ఒకటి రెండు పళ్లు తీయించుకోవడానికి ఎసిట్రోమ్ ఆపాల్సిన పని లేదు. ముందు రోజు ఐఎన్‌ఆర్ 3.5 లోపు ఉంటే చాలు. తీశాక డెంటిస్టు కుట్టు వేసి, గాజుగుడ్డ అరగంట కొరికిస్తారు. ట్రనెక్సామిక్ యాసిడ్ 500 మాత్ర ఒకటి మెత్తగా నూరి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే 5 శాతం ద్రావణం అవుతుంది. డెంటిస్టు చెబితే దాన్ని రెండు నిమిషాలు నోట్లో ఉంచి ఉమ్మేయాలి, రోజుకి నాలుగుసార్లు, రెండు రోజులు. పుక్కిలించకండి, గుంటలోని గడ్డ ఊడిపోతుంది.

పెద్ద ఆపరేషన్‌కి వార్ఫరిన్ 5 రోజుల ముందు, ఎసిట్రోమ్ 3 రోజుల ముందు ఆపుతారు. ముందు రోజు నంబరు 1.5 లోపు ఉందో లేదో చూస్తారు. లోహపు మిట్రల్ వాల్వు ఉన్నవాళ్లకి ఈ ఖాళీలో ఎనాక్సపారిన్ సూది నడిపి, చివరిది ఆపరేషన్‌కి 24 గంటల ముందు ఇస్తారు. అయ్యాక రక్తం కారడం లేదనుకుంటే అదే రోజు సాయంత్రమో మర్నాడో పాత మోతాదులోనే మాత్ర మొదలవుతుంది. పూర్తి మోతాదు సూది మాత్రం 48 నుంచి 72 గంటలు ఆగి. డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూసుకుని బయల్దేరండి: మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, సూది ఏ నంబరు వచ్చేదాకా, తర్వాతి ఐఎన్‌ఆర్ ఏ తేదీన. మూడోది రాయడం మర్చిపోతుంటారు. నాలుగైదు రోజుల్లోపు తేదీ వేయించుకోండి.